డీప్ స్లీప్‌లోనూ తగ్గని కరెంటు, మీటరుతో కలవని బ్యాటరీ వోల్టేజి

వేగుచుక్క

అందరికీ నమస్కారం. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ చిప్ డెవలప్‌మెంట్ బోర్డుతో ఒక సెన్సార్ పరికరం తయారు చేశాను. పావుగంటకు ఒకసారి మేల్కొని, బీఎంఈ280 సెన్సార్ నుంచి ఉష్ణోగ్రత, తేమ చదివి, వైఫై ద్వారా పంపి, మళ్ళీ డీప్ స్లీప్‌లోకి, అంటే చిప్‌లో చాలా భాగం ఆగిపోయే గాఢనిద్రలోకి వెళ్ళిపోవడం దాని పని. నీటి తొట్టి మూత ఎవరైనా తెరిస్తే కూడా మేల్కొనాలని ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకు వస్తే కలిసే స్విచ్) అమర్చాను. మూత వేసి ఉన్నంతసేపూ ఆ స్విచ్ కలిసి ఉంటుంది, పిన్నుకు 10 కిలోఓమ్‌ల పుల్-అప్ (పిన్నును 3.3 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) ఉంది. 2600 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ గంటలు) సామర్థ్యం గల 18650 లిథియం అయాన్ సెల్‌ను బోర్డులోని 5 వోల్టుల పిన్నుకు నేరుగా కలిపాను.

నాకు అర్థం కానివి రెండు విషయాలు. మొదటిది, చిప్ డేటాషీట్ ప్రకారం టైమర్ మాత్రమే నడిచే డీప్ స్లీప్‌లో కరెంటు 10 మైక్రోఆంపియర్ల దగ్గర ఉండాలి. మల్టీమీటర్‌ను మిల్లీఆంపియర్ల రేంజిలో పెట్టి సెల్‌కు సిరీస్‌లో కలిపితే 8.4 మిల్లీఆంపియర్లు చూపిస్తోంది. మైక్రోఆంపియర్ల రేంజికి మారిస్తే బోర్డు అసలు బూట్ కావడం లేదు. రెండవది, సెల్ వోల్టేజిని 100 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెట్టి (డివైడర్) సగం చేసి జీపీఐఓ34 పిన్ను మీద చదువుతున్నాను. మీటరు 3.98 వోల్టులు అంటుంటే ప్రోగ్రాము 3.52 అంటోంది. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఒక అంకె కలిపి సరిపెట్టుకోవచ్చు గానీ, అది ఒకసారి 0.2, మరోసారి 0.45 వోల్టులు ఉంటోంది. పైగా సెల్ 3.7 వోల్టుల దాకా దిగేసరికి, వైఫై మొదలయ్యే క్షణంలో బ్రౌన్‌అవుట్ (సరఫరా వోల్టేజి చాలడం లేదనే) సందేశం వచ్చి బోర్డు పదేపదే రీసెట్ అవుతోంది. ఈ రెండింటికీ మూలం ఒకటేనా, వేర్వేరా?

రాగితీగ

వేగుచుక్క గారూ, మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు మీ బోర్డు మీదే కనిపిస్తుంది. డేటాషీట్‌లోని 10 మైక్రోఆంపియర్లు చిప్ ఒక్కదాని లెక్క. బోర్డు మీద చిప్‌తో పాటు నిద్రపోనివి మూడు ఉంటాయి. ఇలాంటి బోర్డుల్లో తరచుగా వాడే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజిని 3.3కు దించే భాగం), లోడు ఏమీ లేకపోయినా తన కోసం దాదాపు 5 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. పవర్ ఎల్‌ఈడీకి సాధారణంగా ఒక మిల్లీఆంపియర్ పైనే పోతుంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిప్ కూడా 3.3 వోల్టుల లైను మీదే ఉంటే, కేబుల్ పెట్టకపోయినా అది ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. ఈ మూడూ కలిస్తే మీ 8.4 దగ్గరకు రావడంలో వింత లేదు. 2600ను 8.4తో భాగిస్తే 309 గంటలు, అంటే పదమూడు రోజులు కూడా నిండవు. ప్రోగ్రాములో ఎంత జాగ్రత్త పడినా ఈ లెక్క మారదు.

బ్రౌన్‌అవుట్‌కు కూడా ఆ రెగ్యులేటరే కారణం. ఏఎంఎస్1117 పనిచేయాలంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మధ్య ఒక వోల్టుకు పైగా తేడా కావాలి. 5 వోల్టుల యూఎస్‌బీ మీద ఆ తేడా దొరుకుతుంది. 3.98 వోల్టుల సెల్ మీద అవుట్‌పుట్ 3 వోల్టులకు కాస్త అటూ ఇటూ మిగులుతుంది. 3.7కు దిగితే 2.7 మాత్రమే. ఈఎస్‌పీ32 మాడ్యూల్‌కు కనీసం 3.0 వోల్టులు ఇవ్వమని తయారీదారు చెబుతారు. వైఫై పంపే సమయంలో కరెంటు 240 మిల్లీఆంపియర్ల దాకా ఎగబాకుతుంది కనుక ఆ క్షణంలో వోల్టేజి మరింత కుంగి, బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ తన పని తాను చేస్తుంది. ఆ డిటెక్టర్‌ను ప్రోగ్రాములో ఆపేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. వోల్టేజి చాలని సమయంలో ఫ్లాష్‌లో రాత జరిగితే డేటా పాడవుతుంది.

స్థిరాంకం

రాగితీగ గారు చెప్పినదంతా సరైనదే. అయితే కొలత గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక మీదట మీరు మిల్లీఆంపియర్ల నుంచి మైక్రోఆంపియర్లకు దిగబోతున్నారు, అక్కడ మీటరు కూడా మీ సర్క్యూట్‌లో ఒక భాగం అయిపోతుంది.

మల్టీమీటర్ కరెంటును నేరుగా కొలవదు. లోపల ఉన్న షంట్ రెసిస్టర్ మీద పడే వోల్టేజిని కొలిచి కరెంటుగా చూపిస్తుంది. మైక్రోఆంపియర్ల రేంజిలో ఈ షంట్ చాలా మీటర్లలో 100 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. బూట్ అయ్యేటప్పుడు మీ బోర్డు 50 మిల్లీఆంపియర్లు అడిగిందనుకుంటే, 100 ఓమ్‌ల మీద 5 వోల్టులు పడాలి, అంటే సెల్‌లో ఉన్న మొత్తం వోల్టేజి కంటే ఎక్కువ. అందుకే బోర్డు లేవడం లేదు. మిల్లీఆంపియర్ల రేంజిలో షంట్, ఫ్యూజు, కొలిచే తీగలు అన్నీ కలిసి ఒకటి రెండు ఓమ్‌లు ఉంటాయి. నిద్రలో దాని ప్రభావం కనిపించదు గానీ, వైఫై పంపేటప్పుడు 240 మిల్లీఆంపియర్లకు దాదాపు అర వోల్టు అక్కడే పోతుంది. మీటరు సిరీస్‌లో ఉండగా తీసుకున్న బ్యాటరీ రీడింగులు ఏవైనా ఉంటే వాటిని పక్కన పెట్టండి.

సులువైన పద్ధతి ఏమిటంటే, మీటరు రెండు తీగల మధ్య ఒక మామూలు స్విచ్ కలపండి. స్విచ్ వేసి ఉంచి బోర్డును బూట్ చేయండి, కరెంటు మీటరును దాటుకొని స్విచ్ గుండా పోతుంది. బోర్డు నిద్రలోకి వెళ్ళిన తరువాత స్విచ్ తీసేస్తే ఆ కొద్దిపాటి కరెంటు మాత్రమే షంట్ గుండా వెళుతుంది. మళ్ళీ మేల్కొనే సమయానికి ముందే స్విచ్ వేయడం మరవకండి. స్విచ్ బదులు షాట్కీ డయోడ్ పెట్టేవారు ఉన్నారు. అది పెద్ద కరెంటును తనంతట తానే దాటవేస్తుంది గానీ, మైక్రోఆంపియర్ల స్థాయిలో కొంత కరెంటు దాని గుండా కూడా జారిపోయి రీడింగు తక్కువ చూపించవచ్చు.

ఐఎన్ఏ219 అనే కరెంటు కొలిచే మాడ్యూల్‌తో కొలుద్దామని ఎవరైనా అనవచ్చు. దాని మీద ఉండే 0.1 ఓమ్ షంట్‌తో అది గుర్తించగలిగే కనిష్ఠ మెట్టు 10 మైక్రోవోల్టులు, అంటే 100 మైక్రోఆంపియర్లు. నిద్రావస్థ కరెంటు ఆ మెట్టు కిందే ఉండిపోతుంది. మేల్కొని ఉన్నప్పటి కరెంటుకు మాత్రం అది పనికివస్తుంది. రెండింటినీ ఒకేసారి చూడాలంటే నార్డిక్ సంస్థ వారి పవర్ ప్రొఫైలర్ కిట్ 2 లాంటి పరికరం కావాలి. అది సెకనుకు లక్ష నమూనాలు తీసుకుంటూ, ఒక ఆంపియర్ వరకు కొలుస్తూ రేంజిని తానే మార్చుకుంటుంది.

తరంగిణి

నేను రెండవ ప్రశ్న వరకే పరిమితమవుతాను. మీరు వాడుతున్న సూత్రం, రీడింగును 4095తో భాగించి 3.3తో, ఆపైన 2తో గుణించడం అయి ఉంటుందని ఊహిస్తున్నాను. ఈఎస్‌పీ32 విషయంలో ఆ సూత్రం నిలవదు. దాని ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) 3.3 వోల్టుల లైనుతో పోల్చి చూడదు, లోపలి రిఫరెన్స్‌తో, అంటే పోలికకు వాడే వోల్టేజితో పోల్చుతుంది. ఆ రిఫరెన్స్ పేరుకు 1100 మిల్లీవోల్టులు అయినా, ఒక్కో చిప్‌లో 1000 నుంచి 1200 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 4 వోల్టుల సెల్ మీద ఈ ఒక్క కారణానికే మూడు వందల మిల్లీవోల్టులకు మించి తేడా రావచ్చు. 11 డీబీ అటెన్యుయేషన్ (లోపలికి వచ్చే వోల్టేజిని తగ్గించే అమరిక) పెట్టినప్పుడు పిన్ను మీద 150 నుంచి 2450 మిల్లీవోల్టుల మధ్య మాత్రమే రీడింగు నమ్మదగినదిగా ఉంటుంది, ఆ పైన వక్రం వంగిపోతుంది. మీ డివైడర్‌లో నిండు సెల్ 4.2 వోల్టులు పిన్ను దగ్గర 2.1 అవుతుంది కనుక ఆ పరిధిలోనే ఉన్నారు.

తయారీ సమయంలోనే ఆ చిప్ రిఫరెన్స్ విలువను ఈఫ్యూజుల్లో (చిప్‌లోని చెరపలేని మెమరీలో) రాసి ఉంచుతారు. ఆర్డ్యునోలో మామూలు అనలాగ్‌రీడ్ బదులు అనలాగ్‌రీడ్‌మిల్లీవోల్ట్స్ ఫంక్షన్ వాడితే ఆ దిద్దుబాటు కలిపి విలువ వస్తుంది. జీపీఐఓ34 ఏడీసీ1కు చెందినది కాబట్టి మంచి ఎంపిక. ఏడీసీ2 పిన్నుల మీద వైఫై నడుస్తుండగా చదవడం కుదరదు. ఇదే లక్షణంతో ఇక్కడికి వచ్చే ఇతరులు ముందుగా పిన్ను సంఖ్య చూసుకోవడం మంచిది.

ఇక తేడా మారుతూ ఉండటం గురించి. మీరు సెల్‌ను ఎప్పుడు చదువుతున్నారు? వైఫై మొదలుపెట్టక ముందా, తరువాతా? దయచేసి రెండు చోట్లా చదివి, రెండు విలువలూ పంపి చూడండి.

వేగుచుక్క

ఇద్దరికీ, స్థిరాంకం గారికీ కృతజ్ఞతలు. తరంగిణి గారు చెప్పిన ఫంక్షన్ పెట్టి రెండు చోట్లా చదివాను. మేల్కొన్న వెంటనే 3.94 వస్తోంది. మీటరు 3.98 అంటోంది కనుక ఇది నాకు చాలు. వైఫై కలిసి డేటా పంపుతుండగా చదివితే మాత్రం 3.61 నుంచి 3.78 మధ్య ఏదో ఒకటి వస్తోంది. విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో సెల్ చివర్ల మీద పెట్టిన మీటరు 3.95 కంటే కిందికి దిగడం లేదు. ఏది నిజం?

స్థిరాంకం

రెండూ నిజమే కావచ్చు. చేతి మీటరు సెకనుకు రెండు మూడుసార్లు సగటు తీసి చూపిస్తుంది. వైఫై ప్యాకెట్టు పంపే కరెంటు ఉప్పెన ఒక మిల్లీసెకను లోపే ముగిసిపోతుంది. మీ ఏడీసీ ఆ ఉప్పెన మధ్యలో చదివితే కుంగిన వోల్టేజి పడుతుంది, రెండు ఉప్పెనల మధ్య చదివితే మామూలు వోల్టేజి పడుతుంది. అందుకే మీ రీడింగు ఒకచోట నిలవడం లేదు.

అయితే పావు వోల్టుకు మించిన కుంగుబాటు మంచి 18650 సెల్ ఒక్కదాని వల్ల రాదు, దాని అంతర్గత నిరోధం సాధారణంగా ఓమ్‌లో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. మీటరు సెల్ చివర్ల మీద ఉంది, డివైడర్ బోర్డు దగ్గర ఉంది. ఆ రెండింటి మధ్య దారిలో ఉన్న హోల్డరు స్ప్రింగు, సన్నని జంపర్ తీగలు, బ్రెడ్‌బోర్డు రంధ్రాలు అన్నీ కలిసి ఒక ఓమ్‌కు చేరడం మామూలే. 240 మిల్లీఆంపియర్లకు ఒక ఓమ్ మీద 0.24 వోల్టులు పడుతుంది. పరీక్ష చాలా సులభం. బోర్డు మేల్కొని ఉండగా మీటరును వోల్టుల రేంజిలో పెట్టి, ఒక మొన సెల్ ధన ధ్రువం మీద, రెండవది బోర్డు 5 వోల్టుల పిన్ను మీద ఆనించండి. తీగలో పడుతున్న వోల్టేజి సూటిగా కనిపిస్తుంది. గ్రౌండు వైపు కూడా అలాగే చూడండి. గ్రౌండు తీగలో పడే వోల్టేజి గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, ఏడీసీ ఆ గ్రౌండును సున్నాగా తీసుకొనే కొలుస్తుంది.

మిణుగురు

ఈ చర్చ నాకు చాలా ఉపయోగపడుతోంది, కనుక నా అనుభవం కూడా చేరుస్తున్నాను. నేను వాడేది ఎన్ఆర్ఎఫ్52 అనే బ్లూటూత్ చిప్, సీఆర్2032 నాణెం సెల్. అక్కడ ఈ కుంగుబాటే అసలు సమస్య. సెల్ సామర్థ్యం 220 ఎంఏహెచ్ అని ఉంటుంది, కానీ ఆ సంఖ్య మిల్లీఆంపియర్‌లో అయిదో వంతు లాంటి చిన్న లోడు మీద తీసినది. కొత్త సెల్‌లోనే అంతర్గత నిరోధం పది ఓమ్‌లు దాటుతుంది, వాడేకొద్దీ పెరుగుతూ పోతుంది. ఖాళీగా కొలిస్తే 2.9 వోల్టులు చూపించే పాత సెల్, రేడియో వేసిన క్షణంలో 2.3కు పడిపోవడం నేను ఆసిలోస్కోప్‌లో చూశాను. నిద్ర లేచిన వెంటనే తీసుకున్న రీడింగు మీద ఆధారపడితే పరికరం చనిపోయే రోజు వరకూ సెల్ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందువల్ల ప్రసారం ముగిసిన మరుక్షణం చదివి, దాన్నే మిగిలిన ఆయువుకు ఆధారంగా తీసుకుంటున్నాను. సెల్‌కు సమాంతరంగా 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే కుంగుబాటు బాగా తగ్గింది.

ఎన్ఆర్ఎఫ్52 వాడేవారు కరెంటు కొలిచే ముందు ఒక పని తప్పక చేయాలి. ప్రోగ్రాము ఎక్కించిన తరువాత చిప్ డీబగ్ స్థితిలోనే ఉండిపోతుంది, ఆ స్థితిలో తీసిన కొలతకు అర్థం లేదు. డీబగ్గర్ తీగలు విప్పి, సరఫరా పూర్తిగా తీసి మళ్ళీ ఇవ్వాలి. సీరియల్ రిసీవర్‌ను తెరిచి ఉంచినా పెద్ద క్లాకు ఆగకుండా నడుస్తూ వందల మైక్రోఆంపియర్లు తింటుంది.

పాలపిట్ట

దారి మళ్ళిస్తున్నానని అనుకోకపోతే, ఇదే విషయంలో నా ప్రశ్న ఒకటి ఉంది. నా దగ్గర ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్, ఎన్ఆర్ఎఫ్24ఎల్01+ రేడియో, రెండు ఏఏ ఆల్కలైన్ సెల్స్ ఉన్నాయి. రెగ్యులేటర్ లేదు, సెల్స్ నేరుగా చిప్‌కు వెళతాయి. డివైడర్‌తో సెల్ వోల్టేజిని చదువుతున్నాను. సెల్స్ ఎంత అరిగినా రీడింగు 512 దగ్గరే కదలకుండా ఉంటోంది. పిన్ను చెడిపోయిందా?

తరంగిణి

పాలపిట్ట గారూ, పిన్ను నిక్షేపంగా ఉంది. మీ ఏడీసీ రిఫరెన్స్ కూడా అవే సెల్స్ కదా. సెల్ వోల్టేజిలో సగాన్ని అదే సెల్ వోల్టేజితో పోల్చితే 1024లో సగమే వస్తుంది, సెల్ 3.2 వోల్టులైనా 2.2 అయినా. ఈ చిప్‌లో ఉన్న, సెల్స్ అరిగినా మారని 1.1 వోల్టుల బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్‌ను కొలవవలసిన వస్తువుగా పెట్టి, సరఫరాను రిఫరెన్స్‌గా పెట్టండి. అప్పుడు డివైడరే అక్కర్లేదు, దాని గుండా పోయే కరెంటు కూడా మిగులుతుంది. 1.1ను 1024తో గుణించి రీడింగుతో భాగిస్తే సరఫరా వోల్టేజి వస్తుంది. రీడింగు 375 అయితే 3.0 వోల్టులు అన్నమాట.

అయితే ఆ 1.1 కూడా చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 దాకా మారుతుంది. మీ చిప్‌లో అది నిజంగా 1.06 అయితే పై ఉదాహరణలో అసలు వోల్టేజి 2.89. ఒకసారి మంచి మీటరుతో సరఫరా కొలిచి, మీ చిప్ అసలు విలువను వెనక్కి లెక్క కట్టి ఈఈప్రామ్‌లో (సరఫరా పోయినా నిలిచే మెమరీలో) రాసుకోండి. బ్యాండ్‌గ్యాప్‌కు మారిన వెంటనే వచ్చే మొదటి రీడింగులు స్థిరపడి ఉండవు, వాటిని పారేయండి.

మీ నిద్రావస్థ కరెంటు గురించి మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. పవర్-డౌన్‌కు ముందు ఏడీసీని ఆపకపోతే అది వందల మైక్రోఆంపియర్లు తీసుకుంటూనే ఉంటుంది. రేడియోను వినే స్థితిలో వదిలేస్తే 13 మిల్లీఆంపియర్ల పైన పోతుంది, స్టాండ్‌బైలో 26 మైక్రోఆంపియర్లు, పవర్-డౌన్‌లో అయితే ఒక మైక్రోఆంపియర్ కూడా ఉండదు.

వేగుచుక్క

స్థిరాంకం గారు చెప్పినట్టే ధన వైపు తీగలోనూ, గ్రౌండు వైపునా వోల్టేజి పడుతోంది. మందమైన తీగలతో టంకం వేసి కలిపాక పంపే సమయంలో రీడింగు 3.85 కంటే దిగడం లేదు. ఇక డెవలప్‌మెంట్ బోర్డును వదిలేసి, విడి మాడ్యూల్‌ను మంచి రెగ్యులేటర్‌తో నడపాలని నిర్ణయించుకున్నాను. ఎంసీపీ1700 తనకోసం 1.6 మైక్రోఆంపియర్లు మాత్రమే తీసుకుంటుందని చదివాను. అది సరిపోతుందా?

రాగితీగ

నిద్రకు అది చాలా మంచిది, మెలకువకు కాదు. దాని గరిష్ఠ అవుట్‌పుట్ 250 మిల్లీఆంపియర్లు. ఈఎస్‌పీ32 ఉప్పెనలు సరిగ్గా ఆ అంచునే ఉంటాయి. పెద్ద కెపాసిటర్‌తో నెట్టుకురావచ్చు గానీ, ఎంత పెద్దది కావాలో లెక్క వేసి చూడండి. అర మిల్లీసెకను పాటు 200 మిల్లీఆంపియర్ల లోటును 0.2 వోల్టుల కుంగుబాటు లోపల భరించాలంటే 500 మైక్రోఫారడ్లు కావాలి. అంత ఎలక్ట్రోలైటిక్ పెడితే దాని లీకేజీ కరెంటు మీ రెగ్యులేటర్ ఆదా చేసిన దానికంటే ఎక్కువ కావచ్చు. చాలా ఎలక్ట్రోలైటిక్‌ల డేటాషీట్‌లో లీకేజీ హద్దు, సామర్థ్యాన్ని వోల్టేజితో గుణించిన దానిలో నూరో వంతుగా ఇస్తారు. 470 మైక్రోఫారడ్లు, 6.3 వోల్టులకు అది దాదాపు 30 మైక్రోఆంపియర్లు. నిజంగా అంత కారకపోవచ్చు, కారినా తయారీదారును అడగడానికి లేదు. నేనైతే 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలిగి, తనకోసం 25 మైక్రోఆంపియర్లు తీసుకునే ఆర్‌టీ9013 లాంటిది ఎంచుకుంటాను.

మిణుగురు

రెగ్యులేటరే వద్దనుకుంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఉంది కదా. 3.2 వోల్టుల సెల్, నేరుగా మాడ్యూల్‌కు ఇవ్వవచ్చు.

రాగితీగ

ఇవ్వవచ్చు, చాలామంది ఇస్తున్నారు. పూర్తిగా చార్జి అయ్యేటప్పుడు అది 3.65 దాకా వెళుతుంది, మాడ్యూల్ హద్దు 3.6. చార్జర్ తీసేసి కాసేపు ఉంచితే 3.4 లోపుకు దిగుతుంది కనుక, సెల్ సర్క్యూట్‌లో ఉండగా చార్జి చేయకుండా ఉంటే ఇబ్బంది లేదు. నా అభ్యంతరం వేరు. ఆ సెల్ వోల్టేజి దాదాపు చివరిదాకా సమంగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. వేగుచుక్క గారికి మిగిలిన చార్జి ఎంతో తెలియడం ముఖ్యం. ఈ సెల్‌తో వోల్టేజి ఎంత ఖచ్చితంగా కొలిచినా ఆ సంగతి తెలియదు.

వేగుచుక్క

ఆర్‌టీ9013తో విడి మాడ్యూల్ నడుస్తోంది. ఎల్‌ఈడీ లేదు, యూఎస్‌బీ చిప్ లేదు. లెక్క ప్రకారం రెగ్యులేటర్‌కు 25, చిప్‌కు 10, డివైడర్‌కు 4.2 వోల్టుల దగ్గర 21, మొత్తం 56 మైక్రోఆంపియర్లు రావాలి. మొదట కొలిచినప్పుడు మీటరు మైనస్ గుర్తుతో చిన్న విలువ చూపించింది. కంప్యూటర్‌కు కలిపే సీరియల్ అడాప్టర్ తీగలు పూర్తిగా విప్పిన తరువాత 0.39 మిల్లీఆంపియర్లు వస్తోంది. సెన్సార్‌ను విప్పేసినా మారలేదు.

స్థిరాంకం

మైనస్ ఎందుకు వచ్చిందో చెబుతాను, ఇది చాలామందిని తప్పుదారి పట్టించే విషయం. సీరియల్ అడాప్టర్ టీఎక్స్ (డేటా పంపే) తీగ ఊరికే ఉన్నప్పుడు కూడా 3.3 లేదా 5 వోల్టుల మీద నిలబడి ఉంటుంది. ఆ వోల్టేజి మాడ్యూల్ ఆర్ఎక్స్ (డేటా అందుకునే) పిన్నులోని రక్షణ డయోడ్ గుండా సరఫరా లైనులోకి పారుతుంది. అప్పుడు మాడ్యూల్ కొంత కరెంటును, ఒక్కోసారి మొత్తాన్నీ కంప్యూటర్ నుంచి తీసుకుంటుంది, మీటరు ఉన్న దారిలో తక్కువ కనిపిస్తుంది, లేదా వెనక్కి పారుతుంది. నిద్ర కరెంటు అద్భుతంగా తక్కువ వచ్చినప్పుడు కూడా ఒకసారి తీగలు విప్పి చూడాలి. సెన్సార్ సరఫరాను మాత్రమే ఆపి, ఐ2సీ (సెన్సార్ డేటా తీగల) పుల్-అప్‌లను 3.3 వోల్టుల మీదే వదిలేసినప్పుడు జరిగేది కూడా ఇదే. ఆపేశామనుకున్న సెన్సార్ డేటా తీగల గుండా సగం మెలకువలో ఉంటుంది.

రాగితీగ

0.39లో నుంచి 56 మైక్రోఆంపియర్లు తీసేస్తే 334 మిగులుతుంది. 3.3 వోల్టులను 10 కిలోఓమ్‌లతో భాగిస్తే 330. మీ మొదటి పోస్టులో రీడ్ స్విచ్ ఉంది, మూత వేసి ఉన్నంతసేపూ కలిసి ఉంటుందని రాశారు. ఆ పుల్-అప్ గుండా రాత్రింబవళ్ళు ఇంతే పారుతోంది. మూత తెరిచి, అంటే అయస్కాంతాన్ని దూరం జరిపి కొలిచి చూడండి. అదే అయితే 10 కిలోఓమ్‌ల స్థానంలో 1 మెగాఓమ్ పెట్టండి, కరెంటు 3.3 మైక్రోఆంపియర్లకు దిగుతుంది. పొడవైన తీగ మీద అంత పెద్ద నిరోధం బయటి అలజడులను పట్టుకుంటుంది కనుక పిన్ను దగ్గర గ్రౌండుకు 100 నానోఫారడ్ల కెపాసిటర్ తప్పనిసరి. చిప్ లోపలి పుల్-అప్‌ను ప్రోగ్రాములో ఆపడం కూడా మరవకండి, లేకపోతే పదుల కిలోఓమ్‌ల ఆ రెసిస్టర్ మీ మెగాఓమ్‌కు సమాంతరంగా కలిసి శ్రమంతా వృథా చేస్తుంది.

అదే చేత్తో డివైడర్‌ను కూడా 1 మెగాఓమ్, 1 మెగాఓమ్‌గా మార్చవచ్చు. 21 మైక్రోఆంపియర్లు 2.1 అవుతుంది.

తరంగిణి

డివైడర్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఏడీసీ చదివే క్షణంలో లోపలి చిన్న కెపాసిటర్ పిన్ను నుంచి చార్జి లాగుతుంది. 500 కిలోఓమ్‌ల సమాన నిరోధం ఆ చార్జిని సమయానికి అందించలేదు, రీడింగు తక్కువ వస్తుంది. పిన్నుకు, గ్రౌండుకు మధ్య 100 నానోఫారడ్లు పెడితే చార్జి అక్కడ సిద్ధంగా ఉంటుంది. 500 కిలోఓమ్‌లు, 100 నానోఫారడ్లు కలిసి 50 మిల్లీసెకన్ల కాలస్థిరాంకం ఇస్తాయి, అంటే పిన్ను మీది వోల్టేజి మిల్లీసెకను ఉప్పెనలను పట్టించుకోదు. మీ విషయంలో ఇది మంచిదే, రీడింగు ఒకచోట నిలుస్తుంది. మిణుగురు గారిలా ఉప్పెనలోని కుంగుబాటునే చూడదలచిన వారికి మాత్రం ఇది పనికిరాదు.

వేగుచుక్క

అయస్కాంతం దూరం జరపగానే 0.39 కాస్తా 0.06 అయింది. రాగితీగ గారి లెక్క అక్షరాలా సరిపోయింది. పుల్-అప్, డివైడర్ రెండూ మార్చాను. ఇప్పుడు మూత వేసి ఉండగా 43 మైక్రోఆంపియర్లు. మీటరు మీద మాత్రమే ఆధారపడకూడదని మరో విధంగా కూడా చూశాను. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను బాగా చార్జి చేసి, కాసేపు అలాగే ఉంచి, దాని సొంత లీకేజీ ఎంతో చూసుకున్న తరువాత, నిద్రలో ఉన్న పరికరాన్ని దాని మీద మాత్రమే నడిపాను. 4.0 నుంచి 3.8 వోల్టులకు దిగడానికి లీకేజీ పోను 22 సెకన్లకు దగ్గరగా పట్టింది. 4700 మైక్రోఫారడ్లను 0.2 వోల్టులతో గుణించి 22తో భాగిస్తే 43 మైక్రోఆంపియర్లే వస్తున్నాయి.

మెలకువ వైపు, స్థిర ఐపీ అడ్రసు పెట్టి, రౌటర్ చానెల్‌ను గుర్తుంచుకునేలా చేశాక నాలుగు సెకన్ల మెలకువ 1.2 సెకన్లకు తగ్గింది. ఆ సమయంలో సగటు 110 మిల్లీఆంపియర్లు. ఇంకా ఎక్కడ తగ్గించవచ్చు? రెగ్యులేటర్‌ను మార్చి ఆ 25 కూడా వదిలించుకోమంటారా?

తరంగిణి

ఇప్పుడు రెగ్యులేటర్ మీద శ్రమ పెట్టకండి. 110 మిల్లీఆంపియర్లు 1.2 సెకన్ల పాటు, అంటే 132 మిల్లీఆంపియర్ సెకన్లు. పావుగంటలోని 900 సెకన్ల మీద పరిస్తే సగటున 147 మైక్రోఆంపియర్లు. నిద్ర వాటా 43. రెండూ కలిపి 190. సెల్ సామర్థ్యంలో ఎనభై శాతం మాత్రమే చేతికి వస్తుందని అనుకున్నా దాదాపు పదిహేను నెలలు నడుస్తుంది. రెగ్యులేటర్‌ను ఎంత గొప్పదానితో మార్చినా ఆ 190లో 25 మించి తగ్గదు.

తగ్గవలసింది 147. ఉష్ణోగ్రత పావుగంటకోసారి చదవడం అవసరమే కావచ్చు, పంపడం మాత్రం గంటకు ఒకసారి సరిపోతుందా అని ఆలోచించండి. ఈఎస్‌పీ32లో డీప్ స్లీప్‌లోనూ చెరిగిపోని 8 కిలోబైట్ల ఆర్‌టీసీ స్లో మెమరీ ఉంది. మూడుసార్లు వైఫైని తాకకుండా చదివి అందులో దాచి, నాలుగోసారి అన్నీ కలిపి పంపండి. మూత తెరిచినప్పుడు మేల్కొంటే మాత్రం వెంటనే పంపేలా, మేల్కొన్న కారణాన్ని ముందుగా చూసి దారి వేరు చేయండి. బ్యాటరీ రీడింగును ఆ నాలుగో మెలకువలోనే, పంపడం పూర్తయి రేడియో ఆపక ముందు తీసుకోండి.